అడ్డొచ్చింది పాదచారి, నష్టం ఎవరు భరించాలి?

ఆదివారం ఉదయం. ఆరాధనకు వేళవుతోంది. ఒక సహోదరుడు భార్యను వెనక కూర్చోబెట్టుకుని బండి మీద బయల్దేరాడనుకుందాం. తలకు హెల్మెట్ ఉంది, జేబులో లైసెన్సు ఉంది, వేగం కూడా ఎక్కువేమీ కాదు. హైవే మీద డివైడర్ మొక్కల మధ్య నుంచి ఒక మనిషి ఫోన్ చూసుకుంటూ ఒక్కసారిగా రోడ్డు మీదికి దిగాడు. అతన్ని తప్పించబోయి ఈయన బ్రేకు కొట్టాడు. బండి జారింది. భార్య కాలు విరిగింది, ఈయన భుజం ఎముక చిట్లింది, బండి ముందు భాగం నుజ్జయింది. అడ్డొచ్చిన మనిషికి మోచేయి గీసుకుపోయింది, అంతే. జనం పోగయ్యేలోగా అతను వెళ్లిపోయాడు.

ఇది ఉదాహరణకు చెప్పిందే. అయినా ఇలాంటి సంగతి ఏదో ఒకటి వినని సంఘం ఉండదు. ఆసుపత్రికి పరామర్శకు వెళ్లినప్పుడు మూడు రకాల మాటలు వినిపిస్తాయి. "ఎంతైనా బండివాడిదే తప్పంటారు" అని ఒకరు. "ఇన్సూరెన్సు ఉందిగా, అంతా అదే వస్తుంది" అని ఇంకొకరు. "ప్రాణాలు దక్కాయి, దేవునికి స్తోత్రం, ఇక వదిలేయండి" అని మరొకరు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ ఆ మాటలనే నమ్ముకుని ఊరుకున్న కుటుంబం ఆ తర్వాత ఏళ్ల తరబడి వడ్డీలు కట్టుకోవలసి రావచ్చు. అందుకే పాదచారి వల్ల ప్రమాదం జరిగినప్పుడు నష్టం ఎక్కడెక్కడ నుంచి రాబట్టుకోవచ్చో, ఎక్కడ రాదో తెలుసుకోవడం అవసరం.

చట్టం చూపు ఎటువైపు?

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. ప్రమాద పరిహారం విషయంలో దాని చూపు ప్రధానంగా వాహనం మీదే ఉంటుంది. వాహనం వల్ల దెబ్బ తిన్నవారికి ఆ వాహన యజమాని, ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం ఇవ్వాలన్నది దాని పద్ధతి. రోడ్డు మీద నడిచే మనిషికి ఇన్సూరెన్సు తప్పనిసరి కాదు. అందువల్ల పాదచారి నుంచి రావలసిన నష్టం కోసం మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్ దారి సాధారణంగా పనికిరాదు. అది సివిల్ కోర్టు సంగతి.

గుద్ది పారిపోయిన కేసులకు ప్రభుత్వం ఇచ్చే సాయం చాలామందికి తెలుసు. మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు. అయితే అది గుర్తు తెలియని వాహనం గుద్దినప్పుడు మాత్రమే. పారిపోయింది పాదచారి అయితే ఆ పథకం వర్తించదు.

ఇక్కడే ఒక శోధన ఎదురవుతుంది. "గుర్తు తెలియని బండి గుద్దిందని రాయిద్దాం" అని గానీ, "మావాడి బండి నంబరు ఇస్తాను, అది గుద్దిందని పెడదాం" అని గానీ సలహా ఇచ్చేవారు ఆసుపత్రి గుమ్మం దగ్గరే దొరుకుతారు. అది అబద్ధ సాక్ష్యం. ఆసుపత్రిలో మొదట రాసుకున్న వివరానికీ ఎఫ్‌ఐఆర్‌కూ పొంతన లేకపోతే ఇన్సూరెన్సు కంపెనీ పట్టుకునేది ముందు అదే. అప్పుడు రావలసిన డబ్బు పోవడమే కాదు, కేసు మన మీదికే తిరుగుతుంది.

మొదటి గంటలు

మొదట ప్రాణం. 108కు, 112కు ఫోన్ చేయాలి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది. అడ్డొచ్చిన మనిషికి దెబ్బ తగిలి ఉంటే, తప్పు అతనిదే అయినా, అతనికి వైద్యం అందేలా చూడడం చట్ట ప్రకారం వాహనం నడిపినవారి బాధ్యత. పోలీసులకు వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల లోపు, సమాచారం ఇవ్వాలి. ఇన్సూరెన్సు కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలపాలి.

ఆ తర్వాత సాక్ష్యం. పడిన బండిని పక్కకు తీసేలోపు ఎవరైనా నాలుగు ఫొటోలు తీస్తే మంచిది. టైరు జారిన గీత, డివైడర్‌లో మనుషులు దూరే సందు, దగ్గర్లో జీబ్రా క్రాసింగ్ ఉందా లేదా అన్నది అందులో కనబడాలి. ఎదురుగా ఉన్న కొట్టుకో పెట్రోలు బంకుకో సీసీ కెమెరా ఉంటే ఆ దృశ్యాలు చెరిగిపోకముందే పోలీసులకు చెప్పి భద్రపరచమని కోరాలి. చూసినవారి పేరు, ఫోన్ నంబరు రాసుకోవాలి. ఆసుపత్రిలో ఎలా పడ్డామో ఉన్నదున్నట్లు చెప్పి, మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించాలి.

పాదచారి అజాగ్రత్త వల్ల ఇతరుల ప్రాణానికి ముప్పు వచ్చి గాయాలైతే, అతని మీద కేసు పెట్టడానికి భారతీయ న్యాయ సంహితలో వీలుంది. సెక్షన్ 125 వాహనం నడిపేవారికి మాత్రమే సంబంధించింది కాదు. ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చేంత అజాగ్రత్తగా ఎవరు ప్రవర్తించినా అది వర్తిస్తుంది. అందుకే ఫిర్యాదులో అతను ఎక్కడి నుంచి, ఎలా రోడ్డు మీదికి వచ్చాడో స్పష్టంగా రాయాలి. "బండి అదుపు తప్పి పడిపోయాను" అని ఒక్క ముక్కలో రాసి సంతకం పెడితే, ఆ తర్వాత తప్పు పాదచారిదని చెప్పడం కష్టమవుతుంది.

ఆసుపత్రి ఖర్చు

2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స పథకాన్ని నోటిఫై చేసింది. మోటారు వాహనం వల్ల జరిగిన ప్రమాదంలో గాయపడినవారికి, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా, గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో చికిత్స అందాలి. తప్పు ఎవరిదన్న ప్రశ్న ఇందులో లేదు. బండి నడిపినవారికీ వెనక కూర్చున్నవారికీ పాదచారికీ వర్తిస్తుంది. ఆసుపత్రి బల్ల దగ్గర డబ్బు కట్టమన్నప్పుడు ఈ పథకం పేరు చెప్పి అడగాలి.

దీని తర్వాత సొంత ఆరోగ్య బీమా, ఉద్యోగులకు ఈఎస్‌ఐ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉన్నాయి. ప్రమాద గాయాలకు సంబంధించిన శస్త్రచికిత్సలు కొన్ని ఈ రాష్ట్ర పథకాల్లో ఉంటాయి. మనకు అవసరమైన చికిత్స ఉందో లేదో ఆసుపత్రిలో ఉండే ఆ పథకం సిబ్బందిని అడిగితే చెబుతారు.

బండి ఇన్సూరెన్సు: ఏది వస్తుంది, ఏది రాదు

మన దగ్గర చాలామంది ఇన్సూరెన్సు కాగితాన్ని పోలీసులు ఆపినప్పుడు చూపించడానికి మాత్రమే ఉంచుకుంటారు. అందులో ఏముందో ఎప్పుడూ చదవరు. చూడవలసినవి మూడు.

మొదటిది థర్డ్ పార్టీ. అది తప్పనిసరి. అయితే అది మన బండి వల్ల ఇతరులకు కలిగే నష్టం కోసం. పాదచారి అడ్డొచ్చి మన బండి పాడైతే అందులోంచి మనకు ఒక్క రూపాయి రాదు.

రెండోది ఓన్ డ్యామేజ్. ఇది ఉంటే తప్పు ఎవరిదైనా మన బండి మరమ్మతుకు డబ్బు వస్తుంది. పాలసీలో చెప్పిన కొద్ది మొత్తం మనం భరించాలి. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సాధారణంగా సగమే ఇస్తారు. సర్వేయర్ చూడకముందే బండిని మెకానిక్ చేత విప్పించకూడదు. ఇంకొక మెలిక కూడా ఉంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఒకేసారి ఐదేళ్లకు ఇస్తున్నారు. "అయిదేళ్ల ఇన్సూరెన్సు ఉంది" అని మనం నిశ్చింతగా ఉంటాం. కానీ షోరూములో దానితో కలిపి ఇచ్చే ఓన్ డ్యామేజ్ భాగం చాలావరకు ఒక్క ఏడాదికే. రెండో ఏడాది నుంచి దాన్ని విడిగా కట్టుకోవాలి. మీ కాగితం మీద రెండు తేదీలు విడివిడిగా ఉంటాయి, చూసుకోండి.

మూడోది యజమానికి వ్యక్తిగత ప్రమాద బీమా, 15 లక్షల రూపాయలు. బండి యజమాని, సరైన లైసెన్సుతో, తానే నడుపుతుండగా మరణించినా శాశ్వత వైకల్యం పొందినా ఇది వస్తుంది. ఒక కాలో చెయ్యో ఒక కన్నో పోతే సగం, రెండు పోతే పూర్తిగా. పాదచారిదే తప్పయినా వస్తుంది, ఎవరి తప్పూ లేకపోయినా వస్తుంది. అయితే ఎముక విరిగి అతికితే దీని నుంచి ఏమీ రాదు. అన్న పేరున ఉన్న బండి తమ్ముడు నడిపితే తమ్ముడికి ఇది వర్తించదు. ఊళ్లలో బండి ఒకరి పేరున ఉండడం, నడిపేది ఇంకొకరు కావడం మామూలే కాబట్టి ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

దీనితో పాటు బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్ష బీమా యోజన ఉంది. 18 నుంచి 70 ఏళ్ల వయసు వారికి ప్రమాద మరణానికీ పూర్తి శాశ్వత వైకల్యానికీ 2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి లక్ష. చాలామంది ఖాతాల్లోంచి ఏటా ఆ 20 రూపాయలు పోతూనే ఉన్నాయి. ఆపద వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లకు ఆ సంగతి తెలియక క్లెయిము పెట్టరు. పాస్‌బుక్ తీసి చూడండి.

కంపెనీ అన్యాయంగా నిరాకరించిందనిపిస్తే ముందు ఆ కంపెనీకే ఫిర్యాదు రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా, హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. జవాబు వచ్చిన ఏడాది లోపు వెళ్లాలి.

వెనక కూర్చున్న భార్య సంగతి

ఆమె పరిస్థితి వేరు. ఆమె బండి నడపలేదు, ఆమె తప్పేమీ లేదు. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న పాలసీ వెనక కూర్చున్నవారికి వర్తించదని 2006లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ప్యాకేజీ పాలసీ, అంటే అందరం కాంప్రహెన్సివ్ అనేది, ఉంటే వెనక కూర్చున్నవారికి రక్షణ ఉంటుంది.

అప్పుడు ఆమె ముందు రెండు దారులున్నాయి. సెక్షన్ 164 కింద, ఎవరి తప్పన్నది రుజువు చేయనవసరం లేకుండా, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు కోరవచ్చు. లేదా సెక్షన్ 166 కింద, తప్పు రుజువు చేసి, జరిగిన నష్టమంతా కోరవచ్చు. భర్త వైపు కూడా కొంత అజాగ్రత్త ఉందని తేలితే, మిగతా తప్పు పాదచారిదే అయినా, ఆమె మొత్తం పరిహారాన్ని బండి వైపు నుంచే రాబట్టుకోవచ్చు. ఇతరులిద్దరి తప్పు వల్ల దెబ్బ తిన్న మూడో మనిషి ఆ ఇద్దరిలో ఎవరి నుంచైనా పూర్తి పరిహారం కోరవచ్చని 2015లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రెంటిలో ఏ దారి ఎంచుకోవాలో లాయరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. సెక్షన్ 166 క్లెయిముకు చట్టంలో ఆరు నెలల గడువు రాసి ఉంది. కాబట్టి కట్టు విప్పాక చూద్దాంలే అని ఆలస్యం చేయవద్దు.

"భర్త మీద భార్య కేసేమిటి?" అని పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. కాగితం మీద యజమానిగా భర్త పేరు ఉంటుంది, నిజమే. పాలసీ సరిగ్గా ఉంటే డబ్బు కట్టేది ఇన్సూరెన్సు కంపెనీ. ప్రీమియం కట్టింది అందుకే.

పాదచారి నుంచే రాబట్టాలంటే

బండి నడిపిన మన సహోదరుడికి ఇంకా రెండు నష్టాలు మిగిలే ఉన్నాయి. నెలన్నర పనికి పోలేదు, ఆ కూలి. బీమాలు ఇవ్వని వైద్య ఖర్చు. వీటికి మిగిలిన దారి పాదచారే. లాయరు ద్వారా నోటీసు ఇచ్చి, దారికి రాకపోతే సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. కోర్టు ఫీజు కట్టాలి, అతని అజాగ్రత్తను మనమే రుజువు చేయాలి. మన వేగం, మన చూపు, మన లైసెన్సు కూడా కోర్టు చూస్తుంది. తప్పు ఇద్దరిదీ అని తేలితే ఆ మేరకు మనకు తగ్గుతుంది. పైగా గెలిచినా, ఆ మనిషి దగ్గర ఉంటేనే కదా వచ్చేది?

అందుకే దావా కంటే ముందు లోక్ అదాలత్ మంచిది. కేసు వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు ఇస్తే, అవతలి మనిషిని పిలిపించి రాజీకి కూర్చోబెడతారు. అక్కడ కుదిరిన ఒప్పందానికి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. ఉచిత న్యాయ సహాయం స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు, నిర్ణీత ఆదాయం లోపు ఉన్నవారికి దొరుకుతుంది. షెడ్యూల్డు కులాలవారికి కూడా ఉంది గాని, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులుగా నమోదైన దళితులు ఆ వర్గం కింద అడగలేరు. అలాంటివారు ఆదాయం ఆధారంగానో మిగతా వర్గాల కిందనో అడగాలి. 15100కు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు.

సంఘ పెద్దల ఎదుటో ఊరి పెద్దల ఎదుటో రాజీ చేసుకునేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. చికిత్స పూర్తి కాకుండా "ఇక ఏ బాకీ లేదు" అని రాసి ఇవ్వవద్దు. కాలిలో వేసిన రాడ్డు తీయడానికి మళ్లీ ఆపరేషన్ పడవచ్చు. రెండోది, ఓన్ డ్యామేజ్ క్లెయిము పెట్టి ఉంటే కంపెనీకి తెలపకుండా రాజీ రాయవద్దు. మనకు చెల్లించిన డబ్బును తప్పు చేసినవాడి నుంచి వసూలు చేసుకునే హక్కు కంపెనీకి ఉంటుంది. ఆ హక్కును మనం వదిలేస్తే మన క్లెయిమే చిక్కుల్లో పడుతుంది. ఇక రాజీ పత్రం రాసుకున్నంత మాత్రాన పోలీసు కేసు తనంతట తాను పోదు.

ఒకవేళ ఆ పాదచారే తిరిగి మన మీద క్లెయిము వేస్తే కంగారు పడవద్దు. నోటీసు అందిన వెంటనే ఇన్సూరెన్సు కంపెనీకి పంపాలి. ట్రైబ్యునల్ అతని తప్పును కూడా లెక్కలోకి తీసుకుని పరిహారం తగ్గించవచ్చు. అడ్డొచ్చింది చిన్నపిల్లలైతే మాత్రం తప్పు వారి మీద పెట్టడానికి కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు.

అడగడం తగునా?

పరిహారం అడగడం విశ్వాసికి తగునా అని మనసులో మథనపడేవారున్నారు. నిర్గమకాండము 21వ అధ్యాయంలో, గొయ్యి తవ్వి కప్పకుండా వదిలేసినవాడు అందులో పడి చచ్చిన పశువుకు వెల చెల్లించాలని ఉంది. అజాగ్రత్త వల్ల పొరుగువాడికి జరిగిన నష్టం తీర్చడం న్యాయమే, అది పగ తీర్చుకోవడం కాదు. అయితే అవతలివాడు రోజు కూలీ అయితే, పిల్లల నోటికాడి కూడు లాక్కునేంత పట్టుదల మనకు అక్కర్లేదు. బీమా నుంచి రావలసింది పూర్తిగా అడుగుదాం. మనిషి నుంచి రావలసింది అతని స్తోమత చూసి అడుగుదాం. ఎంత వదిలేయాలో తేల్చుకోవడానికి ముందు ఎంత రావాలో తెలియాలి కదా.

సంఘంగా చేయగలిగినవి కూడా ఉన్నాయి. ప్రమాదంలో పడినవారిని ఆసుపత్రికి చేర్చే మంచి సమరయుణ్ణి చట్టమే ఆ పేరుతో గుర్తించింది. సెక్షన్ 134ఏ కింద అతని మీద కేసు ఉండదు, ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కర్లేదు. కాబట్టి భయపడి ఆగిపోవద్దు. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక యువకులు కూర్చుని, అందరి బండ్ల పాలసీలు తెరిచి, ఆ రెండు తేదీలు చూసి పెడితే అది కూడా పరిచర్యే.

చివరిగా ఇంకొక మాట. రోడ్డు పక్కన ఉన్న మన మందిరాల్లోంచి ఆరాధన అయ్యాక గుంపుగా బయటికొచ్చి, మాట్లాడుకుంటూ రోడ్డు దాటేది మనమే. ఈసారి అడ్డొచ్చే పాదచారి మనం కాకుండా చూసుకుందాం.